మా మైలోడు ఎడమ పక్కకు మారిన ఏడు

జనవరి నెలాఖరు, బుధవారం. పొద్దున్నుంచి అయిన పనులు: నీళ్లు పట్టడం, కందులు ఎండబోయడం, దుప్పట్లు ఉతికి మిద్దె మీద ఆరేయడం. అన్నం తిని లేచేసరికి దుప్పట్లు పెళపెళా ఎండిపోయాయి. చలికాలంలో ఇదేం ఎండో... ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మంచు పడక శనగపూత రాలిపోతోందట. ఫోన్ పెట్టేశాక ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. దుప్పట్లు మడతపెడుతుంటే మైలోడు గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు... పెద్దముడియం దగ్గర మాది నల్లరేగడి చేను. ఒక జత ఎద్దులు. కాడికి కుడిపక్క కట్టేదాన్ని వలపటెద్దు, ఎడమపక్క కట్టేదాన్ని దాపటెద్దు అంటారు కదా... మా వలపటెద్దు మైలోడు, బూడిద రంగు. దాపటెద్దు పుల్లోడు. మేత వేసే గాడి దగ్గర మేసేటప్పుడు కూడా వాళ్ల పక్కలు మారేవి కావు.

ఆ ఏడు ముంగారి వానలు, అంటే తొలకరివి, మొత్తం ఎగ్గొట్టాయి. జొన్న మోకాలెత్తుకే మాడిపోయింది. ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి.

అమ్మ జొన్నసొప్ప వామి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నాయనతో అంది. "ఉండే సొప్ప ఒకదానికే వస్తాది. రెండిట్నీ పెట్టుకుంటే ఎముకలే మిగుల్తాయి."

పక్కింటి ఓబులేసు మామదీ అదే అవస్థ. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. చెరొక ఎద్దును అమ్మేయడం, చెరొకదాన్ని ఉంచుకోవడం. వాన పడితే రెండింటినీ జతకట్టి ఇద్దరి చేలూ విత్తుకోవడం. నాయన ఒక సంతకు పోయి పుల్లోడిని అమ్మాడు. తర్వాతి సంతకు మామ పోయి తన ఎద్దును అమ్మాడు.

మైలోడు మాత్రం గాడికి కుడిపక్కే నిలబడి మేసేవాడు. ఎడమపక్క వేసిన సొప్ప అట్లే ఉండేది... ఎవరో వచ్చి తింటారన్నట్టు.

దసరా దాటాక ఒక మంచి వాన పడింది. శనగ విత్తే పదును. నల్లరేగడి అడుగున తేమ నిలిచినా పైపొరలో ఆ పదును, విత్తే తడి, ఎక్కువ రోజులు ఉండదు, అందులోనూ ఆ ఏడు వాన వెనకే వేడిగాలి మొదలైంది. మా దగ్గర విత్తనం లేకపోతే మామే సర్దాడు. తెల్లారకముందే విత్తే గొర్రు కట్టడానికి ఇద్దరూ ఎద్దులను తోలుకొచ్చారు.

అప్పుడు తెలిసింది. మామ ఉంచుకున్నదీ వలపటెద్దే.

రెండూ కుడిపక్కకే తోసుకున్నాయి. కాడి అడ్డం తిరిగింది. ఎడమకు కట్టిన మైలోడు నాలుగడుగులు వేసి చాలులో పడుకున్నాడు. నాయన, మామ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బలమైందాన్ని ఉంచుకుంటిని బావా," అన్నాడు మామ.

"నేనూ అంతే గదా," అన్నాడు నాయన.

సద్ది తెచ్చిన మామ భార్య, మా అత్త, గట్టు మీదనే నిలబడిపోయింది. "అరుగు మీద పొద్దు గూకేదాకా మాట్లాడుకుంటిరి. ఏ పక్కదాన్ని అమ్ముతాండావని ఒక్క మాట అడుక్కోలేకపోతిరే. ఇంగ మీరిద్దురూ కాడి కింద దూరండి, సరిపోతాది."

నాయన పిడికెడు మట్టి తీసి నలిపి చూశాడు. ఇంకా ముద్ద అవుతోంది... కానీ పైపొర అప్పటికే తెల్లబడుతోంది. ఆ పంట రాకపోతే ఏడాదికి తిండి లేదు, ఉన్న ఒక్క ఎద్దుకూ మేత లేదు.

మైలోడు చిన్నవాడు కాబట్టి వాడికే ఎడమపక్క నేర్పాలన్నారు. గాడి దగ్గర ఎడమకు కట్టేస్తే మేత ముట్టలేదు. అమ్మ నన్ను పిలిచింది. "బడికి పోవద్దులే పాపా. దాని కుడిపక్కన నిలబడు. కుడిపక్క ఖాళీగా ఉంటే అది ఎడమన తినదు."

నిలబడ్డాను. వాడి డొక్కకు భుజం ఆనించి, సొప్ప విరిచి నోటికందించాను. చానాసేపటికి నమలడం మొదలుపెట్టాడు. చేనుకు పోయేటప్పుడూ వాడి కుడిపక్కే నడిచేదాన్ని. నాకు అక్కాచెల్లెళ్లు లేరు, తమ్ముడు అప్పటికి ఒళ్లో పిల్లోడు. మాట్లాడాల్సినవన్నీ మైలోడితోనే మాట్లాడాను.

వాడు ఎడమకు అలవాటుపడి గొర్రు లాగేసరికి రెండు చేలలోనూ సగం పదును ఆరిపోయింది. ఆ సగం బీడు పడింది. విత్తిన సగంలోనూ మంచు చాలక కాయలు చిన్నగా వచ్చాయి. పొట్టు మాత్రం ఎద్దుకు సరిపోయింది. గింజలు ఇంట్లోకే చాలలేదు. మామ విత్తనాలు తిరిగి ఇవ్వలేకపోయాం.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. నాయన కొత్తగా ఒక దాపటెద్దును తెచ్చాడు. కానీ మైలోడు కుడిపక్కకు రాడు. ఎడమకే పోయి నిలబడతాడు. వీధిలో మామ ఎద్దు పోతుంటే మేత వదిలి అరుస్తాడు. అవతల నుంచి అదీ అరిచేది.

రెండు రోజులు చూసి నాయన వాడిని పక్కింటికి తోలుకుపోయాడు. నేను వెనకే పోయాను.

"ఇది నీ ఎద్దుకు జత బావా. ఇడదీస్తే రెండూ చెడతాయి. నా దాపటిదానికి ఇంగో జత చూసుకుంటాలే. నీ ఇత్తనాల కింద పట్టుకో."

"ఇత్తనాల కన్నా ఎద్దు శానా ఎక్కువ గదప్పా."

"ఎక్కువైందానికి మైలోడికి కడుపునిండా మేత పెట్టు," అన్నాడు నాయన.

మైలోడు మామ ఎద్దుకు ఎడమపక్కన పోయి నిలబడి, తల దించి మేయడం మొదలుపెట్టాడు. నా వైపు తిరగలేదు. ఆ పక్క నేర్పింది నేనే...

ఇప్పుడు మా ఊళ్లో విత్తనానికి ట్రాక్టరే. పొద్దున పిలిస్తే మధ్యాహ్నానికి చేను అయిపోతుంది, పదును ఆరేలోపే. మంచిదే. కానీ దానికి జత అక్కర్లేదు, పక్కన నిలబడే మనిషీ అక్కర్లేదు. మీ ఇళ్లలో ఎద్దుల పేర్లేంటి? ఏవి ఏ పక్క నడిచేవి? గుర్తున్నవాళ్లు రాయండి, చదువుకుంటాను... ఈ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి.

ఎద్దును ఇచ్చినా దాని మెడ తాడు, పలుపు, ఇవ్వరు మా వైపు. మైలోడిని ఇచ్చిన రోజు నాయన పాత పలుపు చేత్తో పట్టుకుని వచ్చేసరికి నేను ముందే వచ్చేసి కొట్టంలో గాడి ముందు నిలబడి ఉన్నాను. నన్ను చూశాడు. పలుపు మేకుకు తగిలించి, లోపల ఉన్న అమ్మకు వినపడేట్టు చెప్పాడు.

"ఓబులేసు బావ ఇత్తనాల బాకీ తీరిపాయ."