మా అత్తయ్య కూర్చోని కుర్చీ

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు నాగాయలంక బస్టాండులో, ఒక చేపలావిడతో పోట్లాడుతుండగా తెలిసింది. ఆవిడ తడి బుట్ట బస్సులోకి ఎక్కిస్తానంటోంది, నేను ససేమిరా అంటున్నాను. "నీళ్ళు కారుతున్నాయమ్మా, జనం నన్ను తిడతారు, దించు ముందు" అని గొంతు చించుకుంటున్నాను. ఖాకీ కోటు జేబులో ఫోను మోగుతూనే ఉంది. మా ఆయనేనని తెలుసు, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నేను ఎత్తకపోయేసరికి ఆయన మా డ్రైవరుగారికి చేశాడు. డ్రైవరుగారు ఇంజను ఆపి, కిందికి దిగి, బస్సు చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఆ బుట్ట ఎక్కించెయ్యండి. మనం తొందరగా బందరు వెళ్ళాలి" అన్నారు. "ఎందుకండీ, నా డ్యూటీ కూడా మీరే చేస్తారా?" అని ఆయన్నీ కసిరాను. అప్పుడు చెప్పారు.

తెల్లారకముందే నా చేతికి అన్నం క్యారేజీ ఇచ్చి, "జాగ్రత్తమ్మాయ్" అన్న మనిషి. నన్ను పంపించాక వీధి గుమ్మంలో ముగ్గు వేసి, గోడకి ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. ఆ క్యారేజీ ఇంకా నా సీటు కిందే ఉంది, మూత కూడా తియ్యలేదు. బందరు దాకా ఆ చేపలావిడే నా పక్కన కూర్చుని నా చెయ్యి వదల్లేదు. దారిలో టికెట్లు కొట్టానో లేదో నాకు గుర్తులేదు. అలవాటు కొద్దీ కొట్టే ఉంటాను.

మీలో ఎవరైనా బందరు నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే ఫస్ట్ బస్సు ఎక్కి ఉంటే, నేను మిమ్మల్ని ఒక్కసారైనా కసిరే ఉంటాను. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. ముందుకి జరగండి, తలుపు దగ్గర నిలబడకండి, చిల్లర లేకుండా ఎలా ఎక్కారండీ అని పొద్దున మొదలుపెడితే రాత్రికి గొంతు పోతుంది. ఇన్ని మాటలు వచ్చే నోటికి అవసరమైన ఒక్క మాట రాలేదు. ఇది రాయడం అందుకే.

అత్తయ్యది కృత్తివెన్ను వైపు పల్లె. వయసులో ఉన్నప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని గుడివాడ దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. బస్సు వాళ్ళు కంపు కొడుతుందని ఎక్కించుకునేవాళ్ళు కాదట. ఎన్నోసార్లు రోడ్డు మీదే దింపేస్తే లారీల వాళ్ళని బతిమాలుకుని వెళ్ళేదట. "చేపకి ఎండ తెలుస్తుంది గానీ బస్సు టైము తెలవదమ్మాయ్" అనేది నవ్వుతూ. నాకు కండక్టరు ఉద్యోగం వచ్చినప్పుడు మా వాళ్ళే, ఆడపిల్లకి ఈ బస్సుల్లో తిరుగుళ్ళేంటని గొణిగారు. అత్తయ్య మాత్రం వీధి వీధంతా తిరిగి చెప్పుకుంది. "ఇకనుంచి బస్సు మాదే" అంది. మొదటి రోజు డ్యూటీకి వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి ఒకే ఒక్క మాట చెప్పింది. "గంపతో వచ్చినదాన్ని దించెయ్యకు." ఆ మాట నేను ఎన్నిసార్లు జవదాటానో మీకు మొదటి పేరాలోనే తెలిసిపోయింది.

ఆవిడ వంట గురించి చెప్పకపోతే పాపం. నాకంటే ముందు లేచి, చిన్న లైటు వేసుకుని, చప్పుడు కాకుండా వండేది. ఎండు మెత్తళ్ళు వంకాయలో వేసినా, చింతకాయ పచ్చడి నూరినా, ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. క్యారేజీలో ఎప్పుడూ ఒక బాక్సు ఎక్కువ ఉండేది. అది డ్రైవరుగారికి. "ఆయనకి పెళ్ళాం లేదా, మనకెందుకత్తయ్యా ఈ గోల" అని విసుక్కున్నాను ఒకసారి. అత్తయ్య మూత బిగిస్తూ, "బండి తోలేవాడి కడుపు కాలకూడదమ్మాయ్. వాడి చేతిలో నువ్వున్నావు" అంది. అప్పుడు నాకది వినబడింది గానీ తలకెక్కలేదు. పరాయివాళ్ళ చేత వంట మెప్పించుకోవాలని ఈవిడకి సరదా అనుకున్నాను.

ఇక ఆ కుర్చీ సంగతి. మా చిన్నది పోయినేడు మా వీధి చివర బళ్ళో ఒకటో తరగతి. వాళ్ళ టీచరుగారికి ఒక పద్ధతి ఉంది. ‘మనకు సాయం చేసేవాళ్ళు’ అనే పాఠానికి అందరూ కొట్లో చార్టు కొని గోడకి తగిలిస్తారు కదా, డాక్టరు, పోలీసు, పోస్ట్‌మేను బొమ్మలతో. ఈవిడ తగిలించదు. "బొమ్మని ప్రశ్నలు అడగలేం కదండీ" అంటుంది. శుక్రవారం శుక్రవారం ఒక నిజమైన మనిషిని పిలుస్తుంది. పిల్లల ముందు కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. పిల్లలు నోటికొచ్చిందల్లా అడుగుతారు. ఆఖరి ప్రశ్న మాత్రం ఎవరికైనా ఒకటే. "మరి మీకెవరు సాయం చేస్తారండీ?" ఆ మనిషి ఎవరి పేరు చెబితే పై వారం వాళ్ళు రావాలి. పేరు వినగానే పిల్లలందరూ చప్పట్లు కొడతారు. ఒకళ్ళు లేచి ఖాళీ కుర్చీని గుమ్మం వైపు తిప్పుతారు, వచ్చేవాళ్ళ కోసం. వారమంతా అది అలా గుమ్మంలోకి చూస్తూ ఉండాల్సిందే.

చెత్తబండి ఆవిడతో మొదలైంది. ఆవిడ, తన బిడ్డకి సూదిమందులు వేసే నర్సమ్మ పేరు చెప్పింది. ఆ నర్సమ్మ రోజూ నా బస్సులోనే నాగాయలంక డ్యూటీకి వెళ్తుంది. "నేను లేటైతే ఒక్క నిమిషం బస్సు ఆపించే కండక్టరమ్మ" అని నా సంగతి చెప్పింది. ఇంకేముంది, మా చిన్నదానికి కాళ్ళు నేల మీద లేవు. వీధి మొత్తానికి తెలిసిపోయింది.

అత్తయ్య నా కోటుకి ఊడిన గుండీ కుట్టింది, ఇస్త్రీ చేయించింది. ముందు రోజు బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ పిల్లలు ఏమేం అడుగుతారంటమ్మాయ్?"

"ఏమో అత్తయ్యా, వెళ్తే గానీ తెలీదు."

"ఆఖర్న ఒకటి అడుగుతారంట కదా."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను. ఎందుకంటే ఆ వారం నాకు ఆవిడ మీద ఒళ్ళు మండిపోతోంది. పంపు దగ్గర నలుగురిలో, "మా కోడలు కండక్టరు గానీ, ఇంట్లో డ్రైవరూ కండక్టరూ రెండూ నేనే" అని అందట. అందరూ పగలబడి నవ్వారట. పక్కింటి పిన్నిగారు ఆ మాట తెచ్చి నా చెవిలో వేసింది. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు. అప్పుడు మాత్రం నలుగురిలో నా పరువు తీసిందని కుతకుతా ఉడికిపోయాను. ఊ, ఆఁ తప్ప మాట్లాడలేదు.

శుక్రవారం కుర్చీలో కూర్చున్నాను. అబ్బో, ఆ మర్యాద! విజిల్ ఊదించారు, టికెట్ మిషను పట్టుకుని చూశారు. "హోల్డాన్" అంటే బస్సు ఎందుకు ఆగుతుందని ఒకడు, "అందరికీ మీరు టికెట్ కొడతారు, మీకెవరు కొడతారండీ?" అని ఒకతి. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. అప్పుడు అందరూ ఒక్కసారే అడిగారు. "మరి మీకెవరు సాయం చేస్తారండీ?"

రెండో వరసలో మా చిన్నది పెదాలు కదుపుతోంది. నానమ్మ, నానమ్మ అని. నాకు స్పష్టంగా కనబడింది. పంపు దగ్గర నవ్వులు కూడా చెవిలో వినబడ్డాయి. ఇప్పుడు ఈవిణ్ణి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడితే ఇక నా నెత్తినెక్కి కూర్చుంటుంది అనుకున్నాను.

"మా డ్రైవరుగారమ్మా. ఆయన లేకపోతే బస్సు కదలదు కదా" అన్నాను.

అబద్ధమేం కాదు కదా! చప్పట్లు మోగాయి, కుర్చీ తిరిగింది. మా చిన్నది మాత్రం అందరూ ఆపేశాక రెండు చప్పట్లు కొట్టి ఊరుకుంది.

ఆ సాయంత్రం అత్తయ్య దాన్నే అడిగింది, నన్ను కాదు. "ఎవరి పేరు చెప్పిందే మీ అమ్మ?"

"డ్రైవరంకుల్."

"మంచి పని చేసింది. ఆయన లేకపోతే ఎట్లా" అని, లేచి నాకు అన్నం వడ్డించింది. కూర ఎప్పుడూ వేసేంతే వేసింది. కోపంగా రెండు మాటలు అని ఉంటే నేను కూడా నాలుగు అని, అక్కడితో ఏడ్చి, సర్దుకుపోయేవాళ్ళం. ఆవిడ నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

పై వారం డ్రైవరుగారు వెళ్ళారు. పిల్లలు ఆయన్నీ అదే అడిగారు. ఆయన వెంటనే మా చిన్నదాన్ని చూపించి, "ఈ పాప వాళ్ళ నానమ్మ. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజు కూడా నాకు అన్నం తప్పలేదు" అన్నారట. నేను చెప్పాల్సిన పేరు బయటి మనిషి చెప్పాడు.

టీచరుగారు స్వయంగా ఇంటికి వచ్చింది పిలవడానికి. నేను చిన్నదానికి జడ వేస్తున్నాను. అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అంతా విని, నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో! "వెళ్ళత్తయ్యా" అంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు.

"నీ ఇష్టం" అన్నాను, జడలో నుంచి తల ఎత్తకుండా.

తెలుగిళ్ళల్లో నీ ఇష్టం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తయ్య నవ్వింది. "ఇంట్లో కూర్చునేదాన్ని, నేనేం సాయం చేస్తాను టీచరమ్మా? పిల్లలకి ఎవరైనా మంచి ఉద్యోగం వాళ్ళని చూపించండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ శుక్రవారం బడి నుంచి వచ్చి మా చిన్నది, "నానమ్మ కుర్చీ సాయంత్రం దాకా గుమ్మం వైపే ఉందమ్మా" అని చెప్పింది. నేను దాని పుస్తకాల సంచీ సర్దుతున్నట్టు నటించాను.

ఆ తర్వాత నాకు సమయం దొరకలేదని చెప్పడానికి లేదు. రోజూ క్యారేజీ చేతికి వచ్చింది. రోజూ చెబుదామనుకున్నాను. ఇంట్లో మనిషికి థాంక్స్ ఏమిటి, నవ్విపోతారు అని ఒక రోజు, ఆదివారం తీరిగ్గా చెబుదాంలే అని ఒక రోజు. అలా వానలు వెళ్ళాయి, చలి కూడా వెళ్ళింది.

పోయిన రోజున, అత్తయ్యని వాకిట్లో పడుకోబెట్టాక, పక్కింటి పిన్నిగారు నా పక్కన కూలబడి ఏడుస్తూ చెప్పింది. "ఆ శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, గులాబీ రంగు చీర కట్టుకుని అరుగు మీద కూర్చుందే అమ్మాయ్. ఎక్కడికొదినా అంటే, ఎక్కడికీ లేదులే, మా కోడలు ఫోన్ చేస్తుందేమో అంది. మధ్యాహ్నం బడి గంట కొట్టాక లోపలికెళ్ళి చీర మార్చుకుంది." ఆ సమయానికి నేను అవనిగడ్డలో టీ తాగుతూ ఉండి ఉంటాను. ఫోను కోటు జేబులోనే ఉంది.

డ్రైవరుగారు ఆ రోజు క్యారేజీలో తన బాక్సు తీసుకుని, "ఆవిడ కట్టింది పారెయ్యకూడదమ్మా" అంటూ వీధిలో నిలబడి తిన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే తిన్నారు. నా బాక్సు నేను తెరవలేకపోయాను.

మొన్న బళ్ళు తెరిచారు. మా చిన్నది రెండో తరగతికి వెళ్ళింది. ఒకటో తరగతిలో కొత్త పిల్లలు. నేను టీచరుగారి దగ్గరికి వెళ్ళి, ఈసారి మొదట నన్నే పిలవమని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఎందుకని అడగలేదు. "పిల్లలకి ముందే చెప్పనా, ఆవిడ లేరని?" అంది. "ముందు నన్ను చెప్పనివ్వండి టీచరుగారూ" అన్నాను.

శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళాను. అదే కోటు, అత్తయ్య కుట్టిన గుండీ. విజిల్ ఊదారు, మిషను నొక్కారు. ఆఖరికి టీచరుగారు నేర్పిన ప్రశ్న అందరూ కలిసి అడిగారు. "మరి మీకెవరు సాయం చేస్తారండీ?"

"మా అత్తయ్య" అన్నాను. అక్కడితో ఆపలేదు. "నాకంటే ముందు లేచి వండుతుంది. నాకు ఒక బాక్సు, మా డ్రైవరుగారికి ఒక బాక్సు కడుతుంది. నా పిల్లకి నీళ్ళు పోసి బడికి పంపుతుంది. ఆవిడ ఉంటేనే నేను బస్సెక్కగలను. ఆవిడ లేకపోతే నేను కండక్టర్నే కాదు." వండుతుంది, కడుతుంది అనే వచ్చాయి నా నోటికి మాటలు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. చిన్న చిన్న అరిచేతులు, గట్టిగా కొట్టారు. ముందు వరసలో ఒక పిల్ల లేచి, "వచ్చే వారం ఆవిడొస్తారాండీ?" అంది.

టీచరుగారు నా వైపు చూసింది. నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను, చెబుదామనే. ఇంతలో ఆ పిల్ల వచ్చి, రెండు చేతులా కుర్చీ పట్టుకుని, ఈడ్చుకుంటూ గుమ్మం వైపు తిప్పేసింది. వద్దమ్మా అనలేకపోయాను.