మాస్టారి ఓడకి తలుపు ఎక్కడ?

చదివే పెద్దలకి నమస్కారం. నా చేతిరాత బాగోదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులు చాలా ఉంటాయి, మన్నించాలి. అచ్చు వేసేవాళ్లు దిద్దుకుంటామన్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు నేను దోనె చెక్కుతుండగా వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి వాళ్లమ్మాయిగారు ఫోను చేశారు. "నాన్నగారు పొద్దున వెళ్లిపోయారండీ" అన్నారు. నేను "అలాగేనండీ" అన్నాను. అంత కబురు విని అలాగేననడం ఏమిటని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నాకు సమయానికి మాట రాదు. ఆ సంగతి మాస్టారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను కొల్లేటి లంకలో తాటిదోనెలు చేస్తాను. తాటిమాను నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచంతా తీసేసి, బాడిసతో చెక్కి నీళ్లలోకి దింపడం నా పని. ఇప్పుడు ఫైబరు పడవలొచ్చాయి, నన్ను అడిగేవాళ్లు తక్కువ. మాస్టారు ఏలూరులో బడిపిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. ఆయన జ్ఞాపకంగా ఈ పుస్తకం వేస్తున్నది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన పాఠాల సంగతి వాళ్లు రాస్తారు. నాకు తెలిసింది ఆకాశంలో తిరిగే ఓడల సంగతి ఒక్కటే.

ఆయన మొదటిసారి మా గట్టు మీదికి వచ్చినప్పుడు చంకలో పొడుగాటి కాగితాల చుట్ట, చేతిలో కొలత టేపు ఉన్నాయి. కొల్లేట్లో కాగితాల చుట్టతో, టేపుతో మనిషి కనబడితే సర్వేకి వచ్చాడనే అనుకుంటాం. ఎవరి చేపల చెరువు అక్రమమని గట్టు తవ్వేస్తారోనని గుబులు. ఆయన నా దోనె పొడుగు కొలవడం మొదలెట్టేసరికి పదిమంది పోగయ్యారు.

"తమరిది ఏ ఆఫీసండీ?" అని మా పక్కింటాయన గట్టిగానే అడిగాడు.

"ఆఫీసేం లేదండీ. రిటైరయ్యాను."

"మరి కొలతలు దేనికండీ?"

"అంతరిక్షంలోకి వెళ్లే ఓడకండీ."

"అయితే మన గట్టు జోలికి రారు" అంది మా ఆవిడ. అందరూ నవ్వేసి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. ఆయన మాత్రం సాయంత్రం దాకా మాను మీద కూర్చుని గీసుకున్నారు. నేను ఒక్క మాటా మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు "మీ దగ్గర చాలా నేర్చుకున్నాను మేస్త్రిగారూ" అన్నారు. నన్ను మేస్త్రిగారూ అని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

తర్వాత తర్వాత తెలిసింది. ఆయన శిష్యుడొకాయన హైదరాబాదులో టీవీ సీరియలు తీస్తున్నాడట. గ్రహాల మధ్య ఓడలో కాపరముండే ఒక కుటుంబం కథ. ఆ ఓడ ఎలా ఉండాలో ముందుగా బొమ్మలు గీసిపెట్టమని గురువుగారిని అడిగాడు. దాన్ని కాన్సెప్ట్ ఆర్ట్ అంటారట. నా మొహం చూసి ఆయనే విడమరిచి చెప్పారు.

"ఇల్లు కట్టేముందు ప్లాను గీస్తారు కదండీ. ఇది ప్లానుకన్నా ముందు గీసేది. ఆ ఇంట్లో ఎవరుంటారు, చెప్పులెక్కడ విప్పుతారు, కోపమొస్తే ఏ మూలకెళ్లి కూర్చుంటారు, అది గీస్తాం. తర్వాతే ప్లాను. తర్వాతే కంప్యూటరువాళ్లు."

అంతకుముందు వేరేవాళ్లు గీసిచ్చిన బొమ్మలు కూడా చూపించారు. అన్నీ కొసలు తేలి, తళతళా మెరుస్తున్నాయి.

"అన్నీ కత్తులేనండీ. కత్తిలో ఎవరు కాపరముంటారు?" అన్నారు.

అప్పటినుంచి నెలకి రెండుసార్లయినా వచ్చేవారు. ఏలూరు నుంచి ఆటోలో వచ్చి, మా గట్టు మొదట్లోనే దిగి, గొడుగేసుకుని నడిచొచ్చేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. పెన్సిలు బ్లేడుతో చెక్కుకుని ఆ తొక్కు కింద పడెయ్యకుండా చొక్కా జేబులో వేసుకునేవారు. "ఇంత తొక్కు నేల మీద పోస్తున్నానే నేను, నన్నేమనుకుంటున్నారో" అని నాకు సిగ్గుగా ఉండేది. ఒకరోజు మా చెక్కపేళ్లు కూడా రెండు ఏరి అదే జేబులో వేసుకున్నారు. బాడిస దెబ్బ ఎలా పడుతుందో చూడ్డానికట. సీరియల్లో ఆ ఓడ పైభాగమంతా ఆ దెబ్బలే ఉంటాయి, చూసే ఉంటారు. మెరిసేలా చెయ్యమని హైదరాబాదువాళ్లు అడిగితే ఈయన ఒప్పుకోలేదు. చేత్తో చేసిన గుర్తు కనబడకపోతే అందులో మనుషులున్నారని పిల్లలు నమ్మరని ఆయన వాదన.

మా ఆవిడకి ఆయనంటే భయం లేదు. ఒకసారి బొమ్మ చూసి అడిగేసింది.

"ఏవండీ మాస్టారూ, నీళ్లెక్కితే ఎలా తోడతారండీ?"

"అక్కడ నీళ్లుండవమ్మా."

"కారని ఓడ ఉంటుందాండీ? నీళ్లు కాకపోతే ఇంకోటి."

ఆయన పెన్సిలు పక్కన పెట్టేశారు. లేచి వెళ్లి మా దోనెలో నీళ్లు తోడే గుంట చూసొచ్చారు. తర్వాత ఓడ అడుగున చిన్న గుంట గీశారు. పక్కన చిన్న డబ్బా గీశారు. టీవీలో ఆ ఇంటి పిల్ల పొద్దున్నే డబ్బాతో దుమ్ము తోడి బయట పారబోస్తుంది కదా, ఆ డబ్బా మా ఇంటిదే. సొట్టతో సహా.

ఇక నా సంగతి. ఆయన ఏ బొమ్మ చూపించినా నేను "బాగుందండి" అనేవాణ్ణి. చదువుకున్నాయన అంత దూరం వచ్చి చూపిస్తుంటే ఇంకేమంటాను? నాలుగైదుసార్లు విన్నారు. తర్వాత ఒకరోజు కాగితాలు అంటించి చాపంత బొమ్మ చేసి తెచ్చారు. ఓడని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ. నేల మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు.

"మేస్త్రిగారూ, మీరేం మాట్లాడొద్దు. ఇది నీళ్లలో ఉందనుకోండి. ఎక్కండి."

నేను చుట్టూ తిరిగాను. వెనక వైపు, ఎడమ పక్క, కొంచెం వెడల్పుగా ఉన్నచోట ఆగి కాలు పెట్టాను. ఆయన వంగి అక్కడ గుర్తు పెట్టుకున్నారు. ఆయన తలుపు ముందు వైపు గీసి ఉన్నారు. దాన్ని రబ్బరుతో చెరిపేసి నా కాలున్నచోట పెట్టారు.

ఇంకో బొమ్మ దగ్గరికి నేను పోనే లేదట. నాకు తెలియదు, ఆయనే చెప్పారు. "మీ నోరు బాగుందంటోందండీ, మీ కాళ్లు వెనక్కి పోతున్నాయి" అని ఒకటే నవ్వు. ఆ బొమ్మ చుట్టేసి తీసుకెళ్లిపోయారు. అప్పటినుంచి నన్ను నోటితో అడగడం మానేశారు. నాకది ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. డెబ్బై ఏళ్లు దాటాయి, నేను చెప్పకుండానే నా మనసులో మాట తెలుసుకుని, దానికి విలువిచ్చిన మనిషి నాకు ఇంకొకరు లేరు.

నన్నొక్కణ్ణే కాదు. మా ఆవిడని ఎక్కమనేవారు. చేపల బుట్టలతో వెళ్లే ఆడవాళ్లని ఆపి ఎక్కమనేవారు. "బుట్ట దించకుండా ఎక్కండమ్మా" అనేవారు. వాళ్లు ముందు బుట్ట లోపల పెట్టి, ఆనక కాలు పెట్టేవారు. సీరియల్లో అందరూ ముందు మూట లోపల పెట్టి, తర్వాత తలొంచుకుని ఎక్కుతారే, అది వాళ్ల దగ్గర పట్టిందే. ఇంతమంది ఎందుకండీ అని మా ఆవిడ అడిగితే "ఒక్కరి కాలుని నమ్మి తలుపు పెట్టకూడదమ్మా" అన్నారు.

మొదటిసారి ఆ ఓడ టీవీలో వచ్చిన రోజు మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. నల్లటి ఆకాశంలో అది నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని వెళ్లింది. గెడకర్ర వేసి తోసినప్పుడు దోనె అలాగే ఒరుగుతుంది. పక్కింటాయన "దాని దుంపతెగ, మన కొల్లేటి మట్టి మరకే కదరా అడుగున" అన్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. అందరూ నా వైపు చూస్తున్నారు మరి.

తర్వాత మాస్టారికి ఒంట్లో బాగోలేక తాడేపల్లిగూడెంలో అమ్మాయిగారింటికి వెళ్లిపోయారు. రాకపోకలు ఆగిపోయాయి. కొన్నాళ్లకి పోస్టులో ఒక కవరొచ్చింది. లోపల అరచేతి అంత కాగితం మీద కొత్త ఓడ బొమ్మ. ఆ కుటుంబం పాత ఓడ పాడైపోతుందట, ఆఖరి భాగాల్లో ఇంకో ఓడలో ఇంటికొస్తారట. కింద రాశారు. "ఇది ఎలా ఉందో రెండు ముక్కలు రాయండి మేస్త్రిగారూ. మీ జవాబు చూసి హైదరాబాదు పంపిస్తాను."

బొమ్మ అందంగా ఉంది. కానీ బరువంతా ముందే ఉంది. నీళ్లలో వేస్తే ముక్కు మునిగిపోతుంది. ఆకాశంలో బరువుండదని ఆయనే చెప్పారు, తెలుసు. అయినా నా కంటికి అది మునిగే ఓడే.

"బాగుందని రాసి పడెయ్యండి" అంది మా ఆవిడ.

"బాగోలేదే."

"అయితే బాగోలేదని రాయండి."

"మంచంలో ఉన్న మనిషికా?"

"పోనీ వెళ్లి చెప్పండి. గూడెం ఎంత దూరం?"

నిజమే, ఎంతో దూరం లేదు. కానీ ఎదురుగా వెళ్తే నా కాళ్లు చూసేస్తారు. రాద్దామని కూర్చుంటే బాగుందండి అన్న మాట తప్ప నా చేతికి ఇంకోటి రాలేదు. అది రాసి చింపేశాను. మళ్లీ రాశాను, చింపేశాను. గుండ్రంగా లేని నా రాత చూసి నవ్వుతారేమోనని కూడా అనిపించింది. అలా ఇవాళా రేపూ అంటూ ఉండగా ఫోనొచ్చింది.

జ్ఞాపకార్థ కూడిక రోజున గూడెం వెళ్లాను. పాటలు పాడారు, ప్రార్థన చేశారు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. భోజనాల దగ్గర అమ్మాయిగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను ఎలాగో నోరు పెగల్చుకుని "జవాబు రాయలేకపోయానమ్మా" అన్నాను.

"రాశారు కదండీ" అన్నారావిడ.

నాకర్థం కాలేదు. లోపలికి తీసుకెళ్లి ఒక చుట్ట విప్పి గచ్చు మీద పరిచారు. నాలుగు కాగితాలు అంటించిన పెద్ద బొమ్మ. అదే ఓడ. కానీ ముందున్న గదులన్నీ వెనక్కి జరిపేశారు. ఎక్కడ బరువుండాలో అక్కడుంది. గీత కొంచెం వణికింది, అంతే. మూలన చిన్న అక్షరాలతో రాసుకున్నారు: "కాళ్లు కదల్లేదు. మళ్లీ గీశాను."

"రోజూ పోస్టుకి చూసేవారండీ" అన్నారు అమ్మాయిగారు. "వారం దాటాక నవ్వి, 'మేస్త్రిగారు దగ్గరికి రాలేదంటే అందులో తేడా ఉందమ్మా' అన్నారు. మంచం మీద పలక పెట్టుకుని రోజుకింత గీశారు. తలుపు మాత్రం పెట్టలేదు. 'అది ఆయనొచ్చి పెడతారు' అన్నారు."

చూస్తే నిజంగానే ఎక్కడా తలుపు లేదు.

నేను చెప్పులు విప్పేశాను. చుట్టూ ఒకసారి తిరిగాను. నా కాలు వెళ్లినచోట పెట్టాను. అమ్మాయిగారు వాళ్ల నాన్నగారి పొట్టి పెన్సిలు తెచ్చి, కింద కూర్చుని, నా పాదం చుట్టూ గీత గీశారు. వేళ్ల దగ్గర పెన్సిలు గిలిగింతలు పెట్టింది. నేను కదల్లేదు. "బాగుందండి" అన్నాను, గోడ మీద ఆయన ఫొటో వైపు చూసి.

ఆ బొమ్మ హైదరాబాదు పంపాలి. పంపేలోపు చెయ్యాల్సిన పని ఒకటుంది, అందుకే ఇదంతా రాశాను. ఒక్కరి కాలుని నమ్మకూడదని ఆయనే అన్నారు కదా. ఈ పుస్తకం వెనక అట్ట మీద ఆ ఓడని చిన్నది చేసి వేస్తున్నారు. నా పాదం గుర్తు మాత్రం వెయ్యొద్దన్నాను. పుస్తకం బోర్లా నేల మీద పెట్టండి. కాలు పట్టదు, వేలు పెట్టండి. చేతిలో మూట ఉందనుకోండి. ఎటునుంచి ఎక్కుతారో అమ్మాయిగారికి ఒక్క ముక్క రాయండి. రాత ఎలా ఉన్నా పర్లేదు, తప్పులున్నా పర్లేదు. బాగోలేదనిపిస్తే అదే రాయండి. నాలాగా కాగితం ముందు పెట్టుకుని కూర్చోకండి. త్వరగా రాయండి.