సార్ వేయని తేదీ

మొయినాబాద్‌లో మేము నడిపే ఫిజియోథెరపీ కేంద్రం కార్యదర్శి, పోస్ట్‌మాస్టరుగా రిటైరైన సార్, మంగళవారం ఉదయం చేవెళ్ల దవాఖానలో చనిపోయారు. గుండెపోటు. గ్రాంటు దరఖాస్తుకు గడువు అప్పటికి నాలుగు రోజులుంది. ఆయన మీద నా కోపం ఇంకా పోలేదు.

కేంద్రమంటే ఒక కిరాయి గది, రెండు మంచాలు, చేతి వ్యాయామానికి గోడకు బిగించిన గిలక. పక్షవాతం వచ్చినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. ఫిజియోథెరపిస్టు వచ్చేది మాత్రం ఆదివారమే. రోజూ రావాలంటే జీతమివ్వాలి. అందుకే గ్రాంటు. ఇచ్చే సంస్థ అడిగిన కాగితాల్లో మా దగ్గర లేనిది ఒక్కటే: రెండేళ్ల సమావేశాల మినిట్స్ బుక్కు. నెలనెలా కూర్చున్నాం, మాట్లాడుకున్నాం. ఎవరూ రాయలేదు.

మా కోశాధికారి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "అందరూ చేసేదేనండీ. పెన్నులు మార్చి మార్చి ఒక్క రోజులో రాసేద్దాం" అన్నాడు. విలేకరినై ఉండి నేనూ సరేనన్నాను.

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు పేపరోనివి గద! ఎన్నడు జరిగిందో ఎర్కలేని వార్తకు తారీఖు ఏస్తవా?"

పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దున్నే ముద్రలో తేదీ మార్చి, చిత్తు కాగితం మీద ఒకసారి కొట్టి చూసుకున్నాకే కిటికీ తెరిచేవారు. కొత్త పుస్తకంలో మొదటి వాక్యం ఆయనే రాశారు: "ఇంతవరకు జరిగిన సమావేశాలకు మినిట్స్ రాయలేదు." కింద మా అందరితో సంతకాలు పెట్టించారు. దాంతో లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలైంది; ఆ వాక్యం మావి రెండేళ్లు తిన్నది.

ఎంకపల్లి అవ్వకు కుడిచెయ్యి పడిపోయింది. కమిటీలో ఆమె కూడా సభ్యురాలే. "ఏం సారూ, నీ బుక్కు నిండేదాక నా చెయ్యి ఆగుతదా?" అని ఒకసారి అందరి ముందే అడిగింది. మర్నాటి నుంచి సార్ స్కూటర్ మీద వాళ్లింటికి వెళ్లి, ఆదివారం నేర్పిన వ్యాయామాలు దగ్గరుండి చేయించేవారు. అవ్వ తిట్టేది. ఆయన ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూనే ఉండేవారు.

పోయిన నెలతో రెండేళ్లు నిండాయి. సార్ దరఖాస్తంతా తన చేత్తో నింపారు. సంతకం, తేదీ మిగిలాయి. ఇప్పుడే పెట్టేయమని పోరుపెట్టాను. "పంపే రోజు ఏస్త, ఫికర్ జెయ్యకు" అన్నారు.

గురువారం సంతాప సమావేశం. కొత్త కార్యదర్శి సంతకం చెల్లాలంటే ఎన్నికై నెల దాటాలన్నది గ్రాంటు నిబంధన. మళ్లీ దరఖాస్తులు తీసుకునేది ఏడాది తర్వాతే. కమిటీలో ఒకాయన గొంతు తగ్గించాడు: "పోయిన నెలనే సార్ తప్పుకున్నడని, కొత్తాయనను ఎన్నుకున్నమని రాస్తే?"

కోశాధికారి పెన్ను తీశాడు గానీ రాయలేదు. అవ్వ వైపు చూశాడు. నేనూ చూశాను.

"నా దిక్కేం జూస్తున్రు?" అన్నది అవ్వ. "ఇయ్యాల్టి తారీఖే ఎయ్యి బిడ్డా. సచ్చిపోయినోన్ని అబద్ధంల ఇరికియ్యకు."

కోశాధికారి ఫోన్‌లో చూసుకొని మినిట్స్ పుస్తకంలో ఆ రోజు తేదీ వేశాడు. సార్ నింపిన దరఖాస్తు మడిచి అదే పుస్తకం చివర పెట్టాడు. సంతకాలు మొదలయ్యాయి. అవ్వ వంతు వచ్చినప్పుడు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుంది. సాయం చేయబోతే వద్దంది. "ఒకటి" అని మొదలుపెట్టింది.