కస్టర్డ్ చల్లారేదాకా

నా చిన్నప్పుడు మేము హిందీ మాట్లాడే ఊరు బాగ్‌బేరాలో, రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న యార్డులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మా వరసలోనే నాలుగు ఉండేవి. వాళ్ళలో పక్కింటి అక్క అంటే నాకు ప్రాణం. ఆమె నర్సు. ట్రైనింగులో ఉన్నప్పుడు హాస్టల్లో వంటచేసే ఆమె దగ్గర కస్టర్డ్ బిస్కెట్లు చేయడం నేర్చుకుంది. పైన కరకరలాడేవి, కొరికితే లోపల పచ్చటి కస్టర్డ్ మెత్తగా నాలుకకు తగిలేది. తిన్నది ఒక్కటే అయినా ఆ సంగతి క్లాసంతా చెప్పుకు తిరిగాను.

ఆరో తరగతిలో, చలికాలంలో, మా స్కూల్లో మేళా పెట్టారు. ఎవరు ఏం వండి తెస్తారో టీచరు రాసుకుంటున్నారు. నా దగ్గరకొచ్చేసరికి తల కూడా ఎత్తకుండా, రైల్వే క్వార్టర్ పిల్లవు కదా, మరమరాలు తెస్తే చాల్లే అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. లేచి నిలబడి కస్టర్డ్ బిస్కెట్లు తెస్తానన్నాను. ఎవరు చేస్తారని అడిగితే నేనే అన్నాను. అప్పటికి నాకు రొట్టె గుండ్రంగా ఒత్తడం కూడా రాదు.

అక్క దగ్గరికి పరిగెత్తి చేసిపెట్టమని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు.

"నేను సేసిత్తే నువ్వు సేసినట్టెలాగవుద్దే? దగ్గరుండి సెప్తాను. సెయ్యడం నువ్వే."

శనివారం మధ్యాహ్నం ఆమె వంటింట్లో కూర్చున్నాం. మైదా, డాల్డా, పంచదార పొడి కలిపి ముద్ద చేశాను. అందులో సగం తీసి తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టమంది అక్క. ఎందుకో నేను అడగలేదు. పాలు కాచి, కస్టర్డ్ పొడి కలిపి, గరిటెకు అంటుకునేంత చిక్కబడ్డాక దించాను. చల్లారనియ్యవే అని మూడుసార్లు చెప్పింది. నేను విన్నానా? పొగలు కక్కుతున్న కస్టర్డ్‌నే పిండి బిళ్ళల మధ్య పెట్టి అంచులు నొక్కేశాను. మాకు ఓవెన్ ఎక్కడిది? పెద్ద గిన్నెలో ఇసుక పోసి కుంపటి మీద వేడిచేసి, లోపల పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు వేసేది అక్క. కాసేపటికి మాడు వాసన వచ్చింది. మూత తీస్తే బిస్కెట్లు లేవు. కస్టర్డ్ అంతా బయటికి కారి, పిండితో కలిసి, పళ్ళేనికి నల్లగా అతుక్కుపోయింది.

అక్కడే కూలబడి ఏడ్చాను. సోమవారం మేళా. టీచరు మొహం, ఆ కిసుక్కుమన్న నవ్వు కళ్ళముందు తిరుగుతున్నాయి. ఇక మరమరాలే తీసుకెళ్తానన్నాను. అక్క ఓదార్చలేదు, కోప్పడలేదు. మాడిన ముక్క ఒకటి గీకి నోట్లో వేసుకుని, తీపి సరిపోయింది అంది. మిగిలిన పిండి తీసుకుని రేపు పొద్దున్న మళ్ళీ చేద్దాం అంది.

ఆదివారం మళ్ళీ కస్టర్డ్ కాచాను. దించగానే అక్క లోపలికి వెళ్ళి, ఆస్పత్రిలో మందు కట్టినట్టు మడిచిన చిన్న కాగితం పొట్లం తెచ్చింది. అందులో తెల్లటి పొడి.

"ఇది కస్టర్డ్‌ని కట్టేసే మందే. కలిపినాక గంటసేపు కదపకూడదు. ఈలోగా ముట్టుకున్నావంటే మందు ఇరిగిపోద్ది."

పొడి కలిపి, గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి, తడిగుడ్డ కప్పాను. ఇక ఆ గంటా అక్కణ్ణుంచి కదల్లేదు. అమ్మ పిలిచినా వెళ్ళలేదు. గుడ్డ ఎత్తి చూడాలని వేళ్ళు దురద పెడుతున్నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వింటూ గడిపాను. గంట తర్వాత చెంచా గుచ్చితే నిలబడింది. ఈసారి పళ్ళెంలోంచి పద్దెనిమిది బిస్కెట్లు దిగాయి. ఒక్కటే పగిలింది. దాన్ని అక్కా నేనూ పంచుకున్నాం.

మేళాలో టీచరు ఒకటి కొరికి, లోపలికి చూసి, రెండోది తీసుకున్నారు. నాకు అది చాలు.

సాయంత్రం ఆ మందు ఇంకొంచెం ఇమ్మని అడగడానికి వెళ్ళాను. అక్క పడీ పడీ నవ్వింది.

"మందేటి? అది మైదాపిండే! ఆగమంటే నువ్వు ఆగే పిల్లవేటే? మందు పని సేత్తంది అనుకుంటే ఆగినావు."

మోసపోయానని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు, ఏ పొట్లమూ లేకుండా, మా ఇంట్లో నేనే చేసి పళ్ళెం పట్టుకెళ్ళాను. గిన్నె ముందు ఎంతసేపు కూర్చున్నావని మాత్రం అడిగింది.

ఆగడం అంటే పని మానుకుని కూర్చోవడం అనుకునేదాన్ని అంతకుముందు. మనకు కనబడని పని ఆ సమయంలోనే జరుగుతుందని ఆ రోజు తెలిసింది. పెద్దయ్యాక ఆడపిల్లలకు కుట్టు నేర్పే బడిలో ఉద్యోగం చేశాను. ఒకసారి పైఅధికారి అన్న మాటకు ఒళ్ళు మండి రాజీనామా రాసేశాను. సంతకం పెట్టబోతూ, ఒక్క గంట చూద్దామనుకుని, కాగితం బల్లమీదే ఉంచి క్లాసుకు వెళ్ళాను. తిరిగొచ్చి చింపేశాను. ఆ తర్వాత నేరుగా ఆయన గదికి వెళ్ళి, చెప్పాల్సిన మాట నిదానంగా చెప్పాను. ఆయన విన్నారు. ఆ బడిలో మరో పద్నాలుగేళ్ళు పనిచేశాను.

ఇప్పుడు బాగ్‌బేరాకు దగ్గర్లోనే ఉన్న పర్సుడీహ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఎవరైనా నన్ను తొందరపెడితే, మందకొడినని అనుకుంటారేమోనన్న బెంగ నాకు లేదు. నాకు కావాల్సిన గంట నేను అడిగి తీసుకుంటాను.