సుగుణా భాస్కరాలకు వచ్చిన ఉత్తరాలు

పోయిన నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో నాలుగు రోజులున్నాను. ఒక సాయంత్రం మా మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి, పలకరించినా పలక్కుండా బాల్కనీలో కూర్చుండిపోయింది. ఉద్యోగంలో ఏమైనా ఇబ్బంది వచ్చిందేమోనని నాకు కంగారు పుట్టింది. తీరా చూస్తే, అది రెండేళ్ళుగా ఫోనులో చూస్తున్న ఏదో సీరియల్లో జంట ఆ రోజు విడిపోయిందట. భోజనానికి కూడా లేవలేదు. వాళ్ళమ్మ విసుక్కుని, "వాళ్ళు నీకేమవుతారే, అన్నం మానేయడానికి?" అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే నా ఇరవయ్యో ఏట, విజయవాడలో ఒక వారపత్రిక ఆఫీసులో, సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూనే నా మొదటి ఉద్యోగం నడిచింది.

పాఠకుల ఉత్తరాలు విప్పడం నా పని. మా నాన్నగారు ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా కావడంతో రోజూ అక్కడినుంచి బస్సులో వచ్చేదాన్ని. చెరకు నరికే రోజుల్లో కంకిపాడు దాటేదాకా ఫ్యాక్టరీలో చెరకు దించి వెళ్ళే బళ్ళ వెనక బస్సు నత్తలా నడిచేది. ఆలస్యంగా ఆఫీసు చేరేసరికి నా బల్ల మీద ఉత్తరాలు గుట్టగా పోసి ఉండేవి. మెచ్చుకున్నవి ఒక కట్ట, తిట్టినవి ఒక కట్ట, జవాబు రాయవలసినవి ఒక కట్టగా వేరు చేసి ఎడిటర్ గారికి ఇవ్వాలి. నేను చేరిన కొత్తలోనే మా పత్రికలో ఒక సీరియల్ మొదలైంది. అందులో భాస్కరం కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి పడవలను దాటించే ఉద్యోగి, సుగుణ ఆ పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ పెద్ద అందగాళ్ళేం కాదు, గొప్పింటివాళ్ళూ కాదు. మొదట్లో వాళ్ళకి వారానికి పది ఉత్తరాలు కూడా రాలేదు. మూడో నెల దాటేసరికి మాత్రం నా బల్ల చాలక ఉత్తరాలు కింద చాప మీద పోయవలసి వచ్చింది.

మీలో నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పత్రిక వచ్చే రోజు వీధిలో ఒక్క కాపీ ఎన్ని ఇళ్ళు తిరిగేదో, చివరి ఇంటికి చేరేసరికి పేజీల అంచులు ఎలా మెత్తబడేవో. మా బస్సులో రోజూ వచ్చే ఆడవాళ్ళు సుగుణ గురించి సొంత చెల్లెలి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారు. ఆ పిల్లకి నీరసంగా ఉందని కథలో రాస్తే, రాత్రి డ్యూటీలు మానెయ్యమనండి అని నాకు చెప్పేవారు. నేను ఆ పత్రికలో పనిచేస్తున్నానని తెలిశాక కిటికీ పక్క సీటు ఎప్పుడూ నాకే దొరికేది.

ఆ సీరియల్ రాస్తున్న రచయిత్రి గారు ఒక కాలేజీలో లెక్చరరు, నలభై అయిదేళ్ళు దాటిన మనిషి. ప్రతి గురువారం కాలేజీ అయ్యాక కూరలు కొనుక్కుని, అదే సంచిలో ఆ వారం ప్రకరణం కూడా పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చేవారు. కాగితాలకి కరివేపాకు వాసన అంటుకుని ఉండేది. ఒక గురువారం ఆవిడ ఎడిటర్ గారితో మాట్లాడుతుండగా నా చెవిన పడింది. సుగుణని శ్రీకాకుళం బదిలీ చేసేస్తున్నాననీ, వాళ్ళిద్దరూ ఇక కలవరనీ చెబుతున్నారు. ఎడిటర్ గారు కొంచెం నసిగితే, "నాకు తెలిసినంతలో ఇలాంటివాళ్ళు ఎవరూ కలవలేదండీ. అబద్ధం రాయలేను," అన్నారు. ఆ సాయంత్రం బస్సులో ఆడవాళ్ళ ముఖాలు చూడలేక నిద్ర నటించాను.

బదిలీ ఉత్తర్వు వచ్చిన సంచిక వెలువడిన మరుసటి వారం వచ్చిన ఉత్తరాల్లో కొల్లేరు ఒడ్డు పల్లె నుంచి ఒక కార్డు ఉంది. రాసినది అక్కడి బడి మేష్టారి భార్య. తాను పత్రిక పైకి చదువుతుంటే వలలు బాగుచేసుకుంటూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వింటారనీ, వాళ్ళలో చేపలమ్మే ఒకావిడ పోయిన వారం నుంచి దిగులుపడి ఉందనీ రాసింది. కింద ఆవిడ మాటగా ఒక్క వాక్యం: వాళ్ళు కలవకపోయేట్టయితే ఆ ముక్క ముందే చెప్పండి, మేం ఇక్కడితో వినడం ఆపేసి మిగతాది మేమే అనుకుంటాం.

దాన్ని ఏ కట్టలో వేయాలో నాకు తెలియలేదు. మధ్యాహ్నం దాకా బల్ల మీద పక్కన పెట్టి, భోజనం అయ్యాక ఒక కార్డు తీసి "కలుస్తారు. వినడం ఆపకండి" అని రాసి, ఆఫీసు ముద్ర కొట్టి పోస్టులో వేశాను. నేను రాస్తున్నది అబద్ధమని తెలుసు. తెలిసే రాశాను.

రెండు వారాలకి, గురువారం నాడు, చేపలమ్మే ఆవిడ ఆఫీసులోకి వచ్చింది. రచయిత్రి గారు గురువారాలు వస్తారని ఒకసారి మేమే పత్రికలో వేశాం. అది విని, కైకలూరు దాకా నడిచి బస్సెక్కి వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి, ముదురు ఎరుపు చీర, చేతిలో ఎండుచేపల పొట్లం. నా కార్డు పైట కొంగున ముడివేసుకుని తెచ్చింది. ముడి విప్పి, అక్కడే కూర్చుని ఉన్న రచయిత్రి గారి చేతికిచ్చి, మీరు చల్లగా ఉండాలమ్మా అని దణ్ణం పెట్టింది.

రచయిత్రి గారు కార్డు చదివి నా వైపు తిరిగారు. "ఇది నీ చేతిరాతేనా, అమ్మాయ్?"

అవునండీ అన్నాను. ఉద్యోగం పోయినట్టేననుకుని, నాన్నగారికి ఏం చెప్పాలో అప్పుడే కూడబలుక్కుంటున్నాను. ఆవిడ నన్నింకేమీ అడక్కుండా, కుర్చీ దగ్గరగా లాక్కుని వచ్చిన మనిషిని కూర్చోమన్నారు. వాళ్ళిద్దరిలో నీకు అంతగా ఏం నచ్చింది అని అడిగారు. ప్రేమలేఖల ఘట్టమో, వరదలో భాస్కరం పడవ వేసుకెళ్ళిన ఘట్టమో చెబుతుందని నేను అనుకున్నాను. ఉత్తరాలన్నీ వాటి గురించే కదా.

"ఆయమ్మి అలిగి లాకు గట్టు మీద కూకుంటది సూడండీ," అందామె, "అప్పుడు ఆయన బతిమాలడండీ. ఏమీ అనడు. వొచ్చి పక్కన కూకుంటాడు. ఇద్దరూ నీళ్ళు సూత్తా ఉంటారు. మా ఇళ్ళల్లో మేం అలిగినట్టు కూడా ఎవరికీ తెలవదండీ. ఎక్కడో ఒక మనిషన్నా అట్టా వొచ్చి కూకున్నాడు గదా అని మాకు సంబరం."

రచయిత్రి గారు నెమ్మదిగా, "ఆ పేజీ నేను చోటు నిండక రాసిందమ్మా. ఆ వారం కథ తక్కువైంది," అన్నారు.

"అయితే ఆ వారం మంచి వారమేనండీ," అందామె.

ఆవిడకి మా కాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించి, బస్టాండు దాకా నేనే దిగబెట్టి వచ్చాను. దారిలో ఆవిడ కథ గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు, నాకు పెళ్ళయిందా అని మాత్రం అడిగింది. తిరిగి వచ్చేసరికి ఎడిటర్ గారు పిలిచి, పత్రిక పరువు కార్డు ముక్క మీద రాసి పోస్టులో వేశావని చీవాట్లు పెట్టారు. రచయిత్రి గారు నా తరఫున ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ రోజు తెచ్చిన ప్రకరణాన్ని కూరల సంచిలో తిరిగి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వారం ఆ పేజీల్లో వంటల శీర్షిక వేసి సరిపెట్టాం.

సీరియల్ మరో ఆరు వారాలకి ముగిసింది. సుగుణ శ్రీకాకుళం వెళ్ళనూ వెళ్ళింది, సెలవు మీద ఒకసారి తిరిగి రానూ వచ్చింది. చివరి ప్రకరణంలో ఆవిడ వచ్చి లాకు గట్టు మీద కూర్చుంటుంది. భాస్కరం పడవని దాటించి, తలుపులు దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంటాడు. అంతే. పెళ్ళి లేదు, మాట కూడా లేదు. ఆ వారం తిట్ల కట్ట ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చింది. మంగళసూత్రం కట్టించడానికి మీ సొమ్మేం పోయింది అని అడిగినవాళ్ళున్నారు. అబద్ధం చెప్పినందుకు శిక్షగా ఎడిటర్ గారు ఆ ఉత్తరాలన్నిటికీ నన్నే నా చేత్తో జవాబులు రాయమన్నారు. రెండు నెలలు రాశాను. కొల్లేరు నుంచి మేష్టారి భార్య చేతిరాతలో ఒక చిన్న కార్డు మాత్రం వచ్చింది. కూర్చున్నారు కదా, మాకది చాలు, మీ మాట నిలబడింది అని. ఆ కార్డుని ఏ కట్టలోనూ వేయకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది.

మరుసటి ఏడాది నాకు పెళ్ళయింది. మావారు కథలు చదివే మనిషి కాదు. కాపురానికి వచ్చిన మూడో నెలలో ఏదో విషయం మీద అలిగి వసారాలో కూర్చున్నాను, ఆయన వచ్చి పక్కన కూర్చుంటారని ఎదురుచూస్తూ. ఆయన వచ్చారు, చూశారు, లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి, కిర్రుమంటున్న వసారా తలుపు బందులు బిగించడం మొదలుపెట్టారు. గంటసేపు బిగించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతసేపు బిగించవలసిన పని ఆ తలుపులో లేదని చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు. ఆ మాట ఆయనతో అంటే, ఇప్పటికీ తలుపు సంగతే మాట్లాడతారు.

ఆ పత్రిక ఏనాడో ఆగిపోయింది. రచయిత్రి గారు లేరు. ఈ రోజుల్లో ఒక కథ ముగిసిన క్షణంలోనే దాన్ని ఇష్టపడినవాళ్ళంతా ఒకరికొకరు ఫోనులోనే కనబడతారట, కలిసి ఏడుస్తారట, కలిసి పోట్లాడతారట. మంచిదే. మా రోజుల్లో అలా ఉండేది కాదు. చిత్తూరు నుంచి వచ్చినా, గుడివాడ నుంచి వచ్చినా, ఆ ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట ఉండేది: వాళ్ళిద్దరినీ నాలా ఇష్టపడినవాళ్ళు ఇంకెవరూ ఉండరండీ. ఉతికిన చీరలు ఆరేస్తూ, పొయ్యి ముందు కూర్చుని, ఎవరికి వారు అది తమ ఒక్కరి సొత్తే అనుకునేవారు. ఆ మాట నిజం కాదని ఆఫీసులో కూర్చుని కట్టలు కట్టే నాకు ఒక్కదానికే తెలుసు. ఆ ఉత్తరాలన్నిటికీ జవాబులు రాశాను గాని, ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.