వెనక్కి చూసిన బాతు

మా తాత చౌడయ్యకి మనుషుల మొహాలు గుర్తుండవు, బట్టలు గుర్తుంటాయి. మా మేనత్త పెళ్లికి ఎవరెవరు వచ్చారు తాతా అని అడిగితే, చిలకాకుపచ్చ మీద మెరూన్ అంచు వచ్చింది, గంజి ఎక్కువైన ఖద్దరు చొక్కా వచ్చింది, ఉతికి ఉతికి అంచు వెలిసిన గద్వాల వచ్చింది అని చెబుతాడు. ఆ గద్వాల ఎవరు అంటే కాసేపు ఆలోచించి, మీ నానమ్మ చెల్లెలు కామోసు అంటాడు.

ముప్పై ఏళ్లకు పైగా పామర్రు దగ్గర మా ఊళ్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆయన. ఇప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్న నడిపే చీరల కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పని ఒక్కటే. కొత్తగా వచ్చిన ప్రతి చీర మూల తిప్పి వెనకవైపు చూస్తాడు. ముందువైపు ఎన్ని అబద్ధాలైనా ఆడుతుందిగానీ వెనకవైపు ఆడలేదని ఆయన నమ్మకం. అదే కొట్లో నేను చీరలు మడతపెడతాను. ఇంటర్ రెండుసార్లు రాశాను. మూడోసారి పేపర్లు దిద్దేవాళ్ల మీద జాలేసి మానేశాను. కాబట్టి మీరు మాత్రం నా రాతని వెనక్కి తిప్పి చూడకండి.

ఈ అలవాటు వల్ల తాత ఒకసారి చెప్పుదెబ్బ తినాల్సింది. కంకిపాడులో బస్సెక్కాడు. ముందు సీట్లో ఆవిడ పైట కొంగు వెనక్కి వేలాడుతోంది. ఈయన మెల్లగా దాని మూల పట్టుకుని తిప్పాడు. ఆవిడ గిర్రున తిరిగి చెప్పు తీసింది. తాత బెదరలేదు సరికదా, జాలిగా, "ఇది పవర్‌లూమమ్మా, చేనేతని చెప్పి అంటగట్టారు నీకు," అన్నాడు. బెంజిసర్కిల్ వచ్చేదాకా ఆవిడ తాతని వదిలేసి కొట్టువాణ్ణి తిట్టింది.

ఇక సినిమాల సంగతి. ఆయన వయసులో ఉన్నప్పుడు షావుకారే టికెట్టు కొనిచ్చి పంపేవాడు. షావుకారంటే నేతగాళ్లకి నూలు ఇచ్చి, చీరలు నేయించుకుని, కూలి ఇచ్చే ఆసామి. కొత్త సినిమాలో హీరోయిన్ ఏ అంచు కట్టిందో చూసి రావడం తాత పని. అంచు గీసుకోవడానికి గళ్ల కాగితం, పెన్సిలు జేబులో పెట్టుకుని బెంచీ టికెట్లో కూర్చునేవాడు. ఒక సినిమా తొమ్మిదిసార్లు చూశాడట. కథేంటి అని అడిగితే ఇప్పటికీ చెప్పలేడు. అందులో హీరో ఉన్నాడని ఎవరో చెబితే తెలిసిందంటాడు.

అలాంటి మనిషి పక్కన కూర్చుని సినిమా చూడనని మా నానమ్మ వెంకటరావమ్మ ఒట్టు పెట్టుకుని నలభై నాలుగేళ్లు. కారణం అంచులు కాదు, ఒక బాతు.

పెళ్లయిన మొదటి ఏడు తాత ఆమెకి ఒక చీర తెచ్చిచ్చాడు. గోధుమరంగు నూలు చీర, జరీ అంచు, కొంగు మీద బాతుల వరసలు. తాత మగ్గం మీద నేసిందే. అది కట్టుకునే పామర్రు హాల్లో తాతతో మొదటి సినిమాకి వెళ్లింది. ఇంటర్వెల్లో పక్కింటి శౌరమ్మ కొంగు చేతిలోకి తీసుకుని చూసి, "ఏమే, బాతులన్నీ ఇటు పోతుంటే ఇదొక్కటి అటు చూస్తోందేంటి? తప్పు పడిన చీర ఇచ్చాడా మీ ఆయన?" అని నవ్విందట. తప్పు పడిన చీరని షావుకారు తీసుకోడు. కూలి ఇవ్వకుండా ఆ చీరనే నేసినవాడి మొహాన కొడతాడు. అంటే ఎవరికీ పనికిరాని చీర తన పాలిట పడిందని నానమ్మకి అప్పుడు అర్థమైంది. సగం సినిమాలోనే లేచి ఇంటికి నడిచింది. తాత తప్పు పడిందనే ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి ఏ సినిమాకి బయల్దేరినా తాత గుమ్మంలో ఆగి, నువ్వూ రారాదూ అని ఒకసారి అడుగుతాడు. నానమ్మ తలెత్తకుండానే, ఆ బాతుని తీసుకెళ్లండి అంటుంది. నా చిన్నప్పటినుంచీ ఈ రెండు మాటలు వింటున్నాను. తాత అడగడం మానలేదు, నానమ్మ రాలేదు. ఆ చీర మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. పెళ్లిళ్లకి కడుతుంది కూడా, ఆ ఒక్క బాతు మడతలోకి పోయేట్టు పైటకి పిన్ను పెట్టుకుని.

పోయిన నెల ఒక బొమ్మల సినిమా వచ్చింది. ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగలేదు. తాత దాన్ని శాలువా సినిమా అన్నాడు కాబట్టి మనమూ అదే అనుకుందాం. కొండల్లో ఒక పిల్ల, వాళ్ల అమ్మమ్మ ఉంటారు. అమ్మ ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయింది. అమ్మమ్మ నేసిన శాలువా కప్పుకుని ఆ పిల్ల అమ్మని వెతుక్కుంటూ వెళుతుంది.

మా చెల్లెలు కీర్తన ఎనిమిదో తరగతి. ఏ బొమ్మల సినిమా వచ్చినా అందులో దాగిన సంగతులేంటో చెప్పే వీడియోలు ముందే చూసేసి, ఒక నోట్‌బుక్కులో రాసుకుని మరీ వెళుతుంది. ఈసారి ఇరవై ఆరు రాసుకుంది. పిల్ల ఇంట్లో గడియారం ఎప్పుడూ నాలుగుంపావు చూపిస్తుందట, అది అమ్మ వెళ్లిపోయిన వేళట. పొయ్యి దగ్గర మూడో కంచం ఎప్పుడూ బోర్లించే ఉంటుందట. ఇవన్నీ సినిమా తీసినవాళ్లు కావాలనే పెట్టారట. ఆదివారం పొద్దుటాటకి నన్నూ తాతనీ వెంటబెట్టుకెళ్లింది. గుమ్మంలో తాత అడిగాడు, నానమ్మ బాతుని తీసుకెళ్లమంది.

హాల్లో కీర్తన నా చెవిలో ఒక్కొక్కటే నంబరు చెబుతూ కూర్చుంది. తాత కళ్లజోడు పైకి తోసుకుని తెరకేసి అలాగే చూస్తున్నాడు. బొమ్మల సినిమాలో బట్టకి పోగులుండవుగా, పడుకుంటాడేమో అనుకున్నాను. బయటికొచ్చాక కథ నచ్చిందా అంటే, శాలువా మీద జింకలు మొత్తం అరవై మూడు అన్నాడు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర కూర్చున్నాం. నానమ్మ వడ్డిస్తోంది. కీర్తన నోట్‌బుక్కు తెరిచి ఇరవై ఆరింటిలో ఇరవై నాలుగు కళ్లారా చూశానని గొప్పలు పోతోంది. తాత పప్పు కలుపుకుంటూ, నీ పుస్తకంలో జింక ఉందా అని అడిగాడు. ఏ జింక అంది ఇది. శాలువా మీద జింకలన్నీ కుడివైపు పరిగెడుతుంటే ఒక్కటి మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తోందని తాత చెప్పాడు. కీర్తన నమ్మలేదు. ఫోన్‌లో సినిమా ప్రకటన పెట్టి, ఆపి, వేళ్లతో పెద్దది చేసి వెతికింది. శాలువా కింది మూలలో నిజంగానే ఒక జింక వెనక్కి చూస్తోంది.

అయినా ఒప్పుకుంటుందా. బొమ్మ గీసినవాళ్లు పొరపాటు పడుంటారని కొట్టేసింది. ఏ వీడియోలోనూ లేదు కాబట్టి లెక్కలోకి రాదంది.

తాతకి కోపం వచ్చింది. ఆయన మీద నింద వేసినా రాని కోపం, నేతమీద మాట పడితే వస్తుంది.

"పొరపాటెలా అవుతుందే? అరవై రెండు జింకల్ని ఒక్కలాగా నేసిన చెయ్యి, ఒక్కదాని మెడ తిప్పుతుందా పొరపాటున? అలా తిప్పాలంటే పోగులు మళ్లీ లెక్కపెట్టుకోవాలి. కావాలని కూర్చుంటే తప్ప కాదు. వెళ్లిపోయేవాళ్లలో ఒకళ్లు వెనక్కి చూస్తున్నారని ఆ ముసలమ్మ పిల్లకి చెబుతోంది."

కీర్తన పెన్ను తీసి ఇరవై ఏడు అని రాసుకుంటోంది. నానమ్మ చేతిలో గరిటె గిన్నెమీదే ఆగిపోయింది.

"మరి నా బాతు?" అంది.

తాత ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంతసేపు నమిలిన ముద్దని నేనెప్పుడూ చూడలేదు. నానమ్మ గరిటె పెట్టేసి లోపలికెళ్లి, బీరువా తీసి, చీర తెచ్చి కంచాల పక్కనే కొంగు పరిచింది. నలభై రెండు బాతులు. నలభై ఒకటి ఇటు, ఒకటి అటు. ఆ ఒక్కదాని మీద వేలు పెట్టి నించుంది.

ఇక తప్పక తాత నోరు విప్పాడు. ఆ చీర మగ్గం మీద ఉన్నన్నాళ్లూ దానికి నూలు కండెలు చుట్టింది నానమ్మే. కండెలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా కొంగు మీద చెయ్యి వేసి చూసేదట. తనకి కావాలని ఒక్కసారీ అడగలేదు. నూలు షావుకారిది, జరీ షావుకారిది, చీర ఏ ఊరి కొట్టుకి పోతుందో తెలీదు. అది తన ఇంట్లో ఉండాలంటే తాతకి ఒకటే దారి కనిపించింది. నానమ్మ నీళ్లకి వెళ్లిన మధ్యాహ్నం చివరి వరసలో ఒక బాతు మెడ తిప్పి నేశాడు. షావుకారు అనుకున్నట్టే తిట్టాడు, అనుకున్నట్టే చీర మొహాన కొట్టాడు. తాత దాన్ని తలమీద పెట్టుకున్నంత సంబరంగా ఇంటికి తెచ్చాడు.

నానమ్మ బాతు మీంచి వేలు తీసింది. తర్వాత తాత వైపు తిరిగింది.

"ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు శౌరమ్మకి చెబుతావు, శౌరమ్మ ఊరంతా చెబుతుంది. షావుకారు వచ్చి మగ్గం మీద నూలు కోసుకుపోతాడు."

"మరి ఊరు వదిలి ఇక్కడికి వచ్చాకో?"

"అప్పటికి నువ్వు తిట్టడం, నేను పడటం అలవాటైపోయిందే."

నానమ్మ అప్పుడు తాతని తిట్టింది చూడండి, అంతకుముందు తిట్టినవన్నీ లాలిపాటలు. నలభై నాలుగేళ్లు దాన్ని మడతల్లో కుక్కించారు కదా అంది. ఎన్ని పెళ్లిళ్లలో పిన్ను గుచ్చుకుందో లెక్క చెప్పింది. తిడుతూనే తాత కంచంలో రెండోసారి నెయ్యి వేసింది, అది తనకి తెలిసినట్టు లేదు. తర్వాత చెయ్యి కడుక్కుని ఫోన్ తీసుకుంది. శౌరమ్మ ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో కొడుకు దగ్గరుంటోంది, చెవి కాస్త మందం. కాబట్టి మా వీధి మొత్తం వినేట్టు, "శౌరమ్మా, ఆ బాతు తప్పు కాదంట," అని మొదలుపెట్టింది. తాత నా వంక చూశాడు. చూశావా, అప్పుడు చెప్పకపోవడం ఎంత మంచిదైందో అన్నట్టు.

మరుసటి ఆదివారం అదే సినిమాకి అదే ఆటకి కీర్తన నాలుగు టికెట్లు తీసింది. తాత అలవాటుగా గుమ్మంలో ఆగాడు. అడగబోయేసరికి నానమ్మ గోధుమరంగు చీర కట్టుకుని చెప్పులేసుకుంటోంది. పైటకి పిన్ను లేదు, కొంగు వదులుగా వేసుకుంది.

హాల్లో కూర్చున్నాక ఒక నిమిషం అటూ ఇటూ కదిలి, సీట్లు మారదాం అంది నానమ్మ. ఎందుకంటే చెప్పదు. కీర్తన సీటు నంబర్లు చూపించి గొణిగింది. వెనకవాళ్లు కూర్చోమన్నారు. అయినా అందరినీ లేపి, తాతని తన ఎడంపక్కకి మార్పించి, కొంగు సర్దుకుని కూర్చుంది. ఏసీ చలికి భుజం మీదికి లాక్కున్న కొంగులో నలభై ఒక్క బాతులూ కుడివైపు పోతున్నాయి. ఒక్కటి మాత్రం తాతని చూస్తోంది.

సినిమా మొదలైంది. జింక వచ్చిన చోట నానమ్మే ముందు చూసి తాత మోచేతి మీద పొడిచింది. చివర్లో పిల్ల వాళ్ల అమ్మ కొండమీద నడుస్తూ మెడ తిప్పి వెనక్కి చూసింది, అచ్చం ఆ జింకలాగే. కీర్తన చీకట్లోనే నోట్‌బుక్కు తీసింది.

బయటికొచ్చి ఆటో ఎక్కాక, ఇంతకీ ఆ అమ్మ ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందే అని తాత అడిగాడు. రెండుసార్లు చూసి కూడా ఆయనకి తెలీదు. నానమ్మ నిట్టూర్చి, కొంగు ఒళ్లో పెట్టుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. వన్‌టౌన్‌లో మా వీధి వచ్చినా కథ పూర్తికాలేదు. తాత ఆటోవాణ్ణి ఇంకో చుట్టు తిప్పమన్నాడు.