శుక్రవారం గడప దాటని రక్తం

తన ఆవు రక్తం తీసుకోవడానికి మా పెద్దమ్మ ఒప్పుకుందంటే అది నా ఉద్యోగం మీద గౌరవంతో కాదు, దూడ మీద బెంగతో. అంతకు ముందు ఏడాది ఊళ్లో పశువులకు ఒళ్లంతా గడ్డలు లేచే జబ్బు వచ్చి ఆమె దూడ చచ్చిపోయింది. పక్కనే కట్టేసి ఉన్న తల్లికి మాత్రం ఒక్క గడ్డ కూడా లేవలేదు. ఆ ఒంగోలు ఆవు ఇప్పుడు మళ్లీ చూడితో ఉంది.

"కడుపులోది తల్లిని పోలుతుందా, పోయినదాన్ని పోలుతుందా, అది చెప్పు చాలు" అంది పెద్దమ్మ.

ల్యాబ్‌లో నా పని దానికి దగ్గరదే. రక్తంలోని తెల్లకణాల ఒంటి మీద కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. రోగాన్ని పసిగట్టడంలో వాటి పాత్ర ఉంది. వాటిని తయారుచేసే జన్యువులు ఒకటీ రెండూ కావు, ఆవుల్లో అదొక పెద్ద కుటుంబం. అందులో ఎవరెవరు పనిలో ఉన్నారో తెలియాలంటే కణాలు ప్రాణంతో ల్యాబ్‌కి చేరాలి. చూడి ఆవును రెండోసారి సూదితో పొడవనివ్వనని పెద్దమ్మ ముందే చెప్పేసింది. నా కంగారంతా అదే.

మిరపకాయల కోతల రోజులు, పగలంతా అందరూ చేలోనే. పశువుల డాక్టరు గారు వచ్చి రక్తం తీసేసరికి సాయంత్రమైంది. ఇంట్లో రక్తం గొట్టాలు డబ్బాలో సర్దుకుని బయలుదేరబోతుంటే పెద్దమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ఆ ఇంట్లోంచి పాలూ పెరుగూ కూడా బయటికి వెళ్లవు.

"పాలే ఇవ్వను, రక్తం ఇస్తానా? పొద్దున్నే పట్టుకెళ్లు."

ఎంత బతిమాలినా వినలేదు. నాకు ఒళ్లు మండింది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దని, ఆ చల్లదనానికి కణాలు పాడవుతాయని చెప్పి, గొట్టాలను గూట్లో పెట్టాను.

తెల్లారి చూస్తే గూడు ఖాళీ. ఇల్లంతా వెతికాను. గొట్టాలు ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన ఉన్నాయి. వేడికి చెడిపోతాయని భయపడి పెద్దమ్మే పెట్టిందట. పైగా చిన్నప్పటి నుంచీ నాకు జాగ్రత్త లేదని నన్నే తిట్టింది.

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చీమకుర్తి రాళ్ల లారీలు ఎదురొచ్చి డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా లోపల ఇంకొన్ని కణాలు చచ్చిపోయినట్టే అనిపించి ఏడుపొచ్చింది. ల్యాబ్‌కి చేరి రంగు కలిపి చూస్తే, మైక్రోస్కోపు కింద చాలా కణాలు చచ్చి, రంగు పీల్చుకుని నీలంగా కనిపించాయి. కొన్ని మాత్రం మెరుస్తూ ఉన్నాయి. పనికి సరిపోతాయి.

వెంటనే ఫోన్ చేసి బతికాయని చెప్పాను. పెద్దమ్మ కణాల సంగతి వదిలేసి దూడ సంగతి అడిగింది. తల్లి వైపు తెలుస్తుంది గానీ, దూడకు సగం తండ్రి నుంచి వస్తుందన్నాను. ఆ తండ్రి ఇంజక్షన్‌లో వచ్చినవాడు, వాడెలాంటివాడో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"సరే, పుట్టనీ" అంది పెద్దమ్మ. " బతికితే వచ్చి దాని రక్తం కూడా తీసుకెళ్లు. శుక్రవారం మాత్రం రాకు."